మిరపకాయ ఎవరిది? జడ ఎవరిది?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తాడేపల్లిగూడెంనుంచి వచ్చిన ఒక ఉత్తరం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. రాసినది ఏడో తరగతి చదివే అమ్మాయి. పేరు వెయ్యవద్దని అడిగింది గనక వెయ్యను.

సంగతి ఏమిటంటే, దసరా సెలవలకు వాళ్ళు కొల్లేటి ఒడ్డున అమ్మమ్మగారి ఊరు వెళ్ళారట. అమెరికానుంచి పిన్ని కూతురు వచ్చింది, అక్క వరస. ఆవిడ తలంతా సన్నని పాయలు తీసి, నెత్తికి అంటుకొని ఉండేలాగా జడలు అల్లించుకొని దిగిందట. మొక్కజొన్న చేలో సాళ్ళలాగా ఉంటాయని వాటిని అక్కడ ‘కార్న్‌రోస్’ అంటారు. ఆఫ్రికావాళ్ళు తరతరాలుగా అల్లుకొనే తీరు అది. మన అమ్మాయికి అవి ఎంతో నచ్చి, "నాకూ అల్లవే అక్కా" అని కూర్చుంది. సగం తల అయ్యేసరికి కాలేజీలో చదివే అన్నయ్య వచ్చి, "అది నల్లజాతివాళ్ళ జడ. మనం వేసుకోకూడదు, తప్పు" అన్నాడు. వాదన ముదిరింది. భోజనాలదగ్గర నాన్నగారు కల్పించుకొని, "అలాగయితే నీ కంచంలో చేపల పులుసులోంచి మిరపకాయ తీసెయ్యరా. అదీ మనది కాదు" అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. అన్నయ్య అలిగి లేచిపోయాడు.

"తాతయ్యా, మిగతా సగం అల్లించుకోనా? ఉన్నవి విప్పుకోనా?" ఇదీ ప్రశ్న. ఈ పత్రిక చేరేసరికి ఆ జడలు ఏదో ఒకటి అయ్యే ఉంటాయి. అయినా ఈ వాదన ఒక్క ఆ ఇంటిదే కాదు. ఒక జాతివారి తిండినీ, బట్టనూ, జుట్టు తీరునూ మరొకరు తీసుకొని తమ సొమ్ముగా వాడుకోవడాన్ని ఇంగ్లీషులో ‘కల్చరల్ అప్రోప్రియేషన్’ అంటారు. దానిమీద ప్రపంచమంతా తగువులాడుతున్నది. మనమూ కాస్త ఆలోచిద్దాం.

మొదట నాన్నగారి పులుసు సంగతి చూద్దాం. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. మిరప మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు రేవులో దిగిన తరవాతనే బుడతకీచులు దాన్ని మనదేశానికి తెచ్చారు. అంతకుముందు మనవాళ్ళు కారానికి మిరియాలు వాడేవారు. మిరియం, మిరప అనే మాటల పోలిక చూశారా? కొత్తగా వచ్చిన చుట్టానికి ఇంట్లో ఉన్నవాడి పేరే పెట్టుకొన్నట్టున్నారు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, బొప్పాయి, జామ అన్నీ ఆ ఖండంనుంచి వచ్చినవే. ఆవకాయ మనదని మనం ఎంత గర్వపడినా, అందులో ఎర్రగా ఉన్నదంతా పరాయిదే!

పులుసులో చింతపండు మాటేమిటంటారా? అది ఇంకా తమాషా. అరబ్బులు దానికి ‘తమర్ హిందీ’ అని, అంటే ‘ఇండియా ఖర్జూరం’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు పేరు అందులోనుంచి వచ్చిందే. కాని ఆ చెట్టు పుట్టినది ఆఫ్రికాలో. ఎంతో కాలంకిందట వచ్చి మన ఊరి చెరువుగట్టున స్థిరపడిపోయింది. పేరు మనకూ, పుట్టుక ఆఫ్రికాకూ!

పాత రోజులలో మన ఆడవాళ్ళకు ఒక మంచి అలవాటు ఉండేది. పరాయి ఊరినుంచి వచ్చిన సరుకును ఆ ఊరిపేరుతోనే పిలిచేవారు. బొంబాయి రవ్వ, మైసూరుపాకు, బెంగుళూరు వంకాయ, సీమచింతకాయ. ఆ ఊరు వాళ్ళెన్నడూ చూసి ఉండరు, అయినా పేరు మాత్రం చెరపలేదు. పొరుగింటినుంచి అరువు తెచ్చిన గిన్నెకు వాళ్ళ పేరు చెక్కి ఉంటే దాన్ని గీకెయ్యం గదా! ఇప్పుడు ఆ పని ప్రభుత్వం చట్టంతో చేస్తున్నది. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ‘భౌగోళిక గుర్తింపు’ ఇచ్చారు. పూతరేకులు ఎవరయినా చేసుకోవచ్చు, తినవచ్చు. కాని వేరే ఎక్కడో చేసి ఆత్రేయపురం పేరుతో అమ్మకూడదు.

మరి పేరు గీకేసినప్పుడు ఏమవుతుంది? పసుపు కథ చెబుతాను. మోకాలు చెక్కుకుపోతే మీ మామ్మ ఏం చేస్తుంది? పసుపు అద్దుతుంది. 1995లో అమెరికా ప్రభుత్వం, పసుపుతో గాయం మాన్పే విధానానికి అక్కడి మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేర పేటెంటు ఇచ్చింది. అంటే దాన్ని కనిపెట్టినది వాళ్ళేనని అర్థం. తమాషా ఏమిటంటే, ఆ పేటెంటు అడిగిన పరిశోధకులు ఇద్దరూ భారతీయ సంతతివాళ్ళే. బహుశా వాళ్ళ మామ్మలు కూడా పసుపు అద్దినవాళ్ళే అయి ఉంటారు! మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలివారు పాత సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసమూ వగైరా సాక్ష్యాలు పట్టుకెళ్ళి వాదించారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. పసుపు వాడుకొన్నారని మనకు కోపం రాలేదు, చూడండి. మామ్మకు తెలిసినదాన్ని ఎవరికీ తెలియనట్టు రాసుకొన్నారని వచ్చింది.

ఇక జుట్టు దగ్గరకు వద్దాం. అందుకు అమెరికా పోనక్కరలేదు. ఏలూరు చాలు.

తిరుమలలోనూ, మన చిన్న తిరుపతి ద్వారకాతిరుమలలోనూ భక్తులు తలనీలాలు ఇస్తారని మీకు తెలుసు. ఆ జుట్టును దేవస్థానాలు వేలంవేసి అమ్ముతాయి. "చిక్కు జుట్టుకు స్టీలు గిన్నెలు!" అని వీధిలో కేకవేసేవాడు పోగుచేసినదీ ఈ వ్యాపారంలోకే చేరుతుంది. ఏలూరు ఈ వ్యాపారానికి పేరుమోసిన ఊరు. వెంట్రుకలను కడిగి, ఆరబెట్టి, నిలువుగా మేకులు దిగ్గొట్టిన చెక్కమీద లాగి చిక్కుతీసి, పొడుగునుబట్టి వేరుచేసి కట్టలు కడతారు. కుదుళ్ళన్నీ ఒకవైపే ఉంటే ధర ఎక్కువ. ఎంతమంది ఆడవాళ్ళు వెలుగులో కూర్చుని, ఒక్కొక్క తెల్ల వెంట్రుకా ఏరితే ఆ కట్ట తయారవుతుందో!

ఆ కట్టలు ఓడలెక్కి పోయి విగ్గులవుతాయి, సవరాలవుతాయి. వాటిని ఎక్కువగా కొనేవారిలో అమెరికాలోని నల్లజాతి స్త్రీలు ఉన్నారు. కాని అక్కడి దుకాణంలో ఆ కట్టమీద ఏలూరు పేరుగాని తిరుపతి పేరుగాని ఉండడం అరుదు. ‘బ్రెజిలు జుట్టు’ అని అమ్మేదానిలో చాలా భాగం ఇండియానుంచీ చైనానుంచీ వచ్చినదేనని వ్యాపారం తెలిసినవాళ్ళు చెబుతారు. ఎవరో తల్లి బిడ్డకు జ్వరం తగ్గాలని మొక్కుకొని ఇచ్చిన జుట్టు, ఊరుపేరు మార్చుకొని ఎవరి తలమీదనో కూర్చుంటున్నదన్నమాట. దీన్ని గురించి పట్టించుకొన్నవాళ్ళు ఒకరున్నారు. 2004లో ఇజ్రాయెల్లో ఒక పెద్ద యూదు మతగురువు, వేరే దేవుడికి మొక్కుగా ఇచ్చిన జుట్టును తమ స్త్రీలు వాడరాదని తీర్పు చెప్పారు. న్యూయార్కు నగరం బ్రూక్లిన్ పేటలో వీధులలో విగ్గులు కుప్పపోసి కాల్చారు. వేలకు వేలు పెట్టి కొన్నవి! మనకు అది వింతగా తోచవచ్చు. కాని ఈ జుట్టు ఎవరిది, ఎందుకు ఇచ్చారు అని అడిగినవాళ్ళు వాళ్ళే.

కనక, తాడేపల్లిగూడెం తల్లీ, నీ నెత్తిమీద ఆఫ్రికావాళ్ళ అల్లిక, వాళ్ళ నెత్తిమీద మన జుట్టు! ఇక్కడితో లెక్క సరిపోయిందనుకొంటే మీ నాన్నగారే గెలిచినట్టు. కాని మీ అన్నయ్య తరపున కూడా ఒక సాక్షిని పిలవాలి.

ఆవిడ పేరు రెనీ రోజర్స్. నల్లజాతి అమెరికను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే విమానసంస్థలో ఉద్యోగి. ఆవిడ తన అమ్మమ్మల నాటి తీరులో కార్న్‌రోస్ అల్లుకొని పనికి వెళ్ళింది. అటువంటి జడలు మా కొలువులో కుదరవన్నారు. ఆవిడ కోర్టుకు వెళ్ళింది. 1981లో న్యూయార్కు కోర్టు ఆ నిబంధన విషయంలో సంస్థవైపే తీర్పు చెప్పింది. ఆ దావాలో ఒక మాట వచ్చింది. అంతకు కొద్దికాలం ముందు, 1979లో, బో డెరెక్ అనే తెల్లజాతి నటి ఒక సినిమాలో ఆ జడలతో కనిపించింది. జనం ఎగబడి చూశారు. ఆ తీరుకు పేరు తెచ్చినది ఆ నటి అనీ, రోజర్స్ అటువంటి జడలతో మొదట పనికి వచ్చినది ఆ తరవాతే అనీ సంస్థవాళ్ళు ఎత్తిచూపారు. అంటే, ఎవరి జడో వాళ్ళకే ఎరువు అయిపోయింది! నటి వేసుకొంటే అందం. రోజర్స్ వేసుకొంటే కుదరదు.

ఆ దేశంలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో ఒక చట్టం చేసింది. జుట్టు అల్లుకొన్న తీరును బట్టి బడిలోగాని ఉద్యోగంలోగాని ఎవరినీ తక్కువగా చూడరాదని. ఇటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. ఒక జడ కోసం చట్టం కావలసి వచ్చిందంటే, ఆ జడవల్ల ఎందరు పిల్లలు బడిలో ఏడ్చి ఉంటారు?

అక్కడ పెరిగే మన తెలుగు పిల్లలకూ ఇటువంటి అనుభవం ఉన్నది. నూనె రాసిన జడను చూసి పక్క పిల్లలు ముక్కు మూసుకొన్నారని, డబ్బాలో ఇంగువ వాసన వస్తున్నదని దూరం జరిగారని చెబుతారు. ఇప్పుడు అదే నూనె అందమైన సీసాలలో అమ్ముడవుతున్నది. అదే పసుపు పాలలో కలిపి కాఫీ హోటళ్ళలో అమ్ముతున్నారు. దాన్ని తాగేవాళ్ళమీద ఆ పిల్లలకు కోపం ఉండనక్కరలేదు. కాని వాళ్ళ మనస్సు చివుక్కుమంటే, అందుకు కారణం ఉన్నదా లేదా?

ఇంతవరకు ఎదటివాళ్ళ తప్పులే చెప్పాను. ఇప్పుడు నాది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడి వార్షికోత్సవంలో ‘కోయ డాన్సు’ వేశాం. ఏ బడి అన్నది ఎందుకు? ఒళ్ళంతా మసి పూసుకొని, నడుముకు మామిడాకులు కట్టుకొని, నెత్తిన కోడిఈకలు గుచ్చుకొని, నోటికివచ్చిన కూతలు కూశాం. చప్పట్లే చప్పట్లు. నాకు సబ్బుపెట్టె బహుమతి. మా తరగతిలో హాస్టలు కుర్రవాడు ఒకడుండేవాడు. బుట్టాయగూడెం అవతలి కొండలవాడు, కోయ పిల్లవాడే. వాడు ముందు వరసలో కూర్చున్నాడు. వాడొక్కడే నవ్వలేదు. మర్నాడు నేను వాడిదగ్గరకు పోయి, "బాగుందిరా మా డాన్సు?" అని అడిగాను. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి! వాడు కాసేపు నేలకేసి చూసి, "మావాళ్ళ పెళ్ళికి రా, చూద్దువుగాని" అన్నాడు.

నేను వెళ్ళలేదు. అసలైన కొమ్ము కోయ నృత్యాన్ని ఎంతో కాలానికి గాని చూడలేదు. తలపాగాకు అడవిదున్న కొమ్ములు, వాటిమీద నెమలిఈకలు, మెడలో పెద్ద పెద్ద డోళ్ళు. రెండు దున్నలు ఢీకొన్నట్టు మగవాళ్ళు తలలు వంచి ఎదురెదురుగా వస్తారు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ కట్టుకొనే కొమ్ములు అవి. దానిలో మసీ లేదు, కూతలూ లేవు. అది చూస్తున్నంతసేపూ నాకు ఆ సబ్బుపెట్టె జ్ఞాపకం వచ్చింది.

వాళ్ళ తిండిని కూడా మేము వెక్కిరించేవాళ్ళం. ఇప్పపూలు తింటారని. ఇప్పుడు ఆదిలాబాదు వైపు ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలే ఇప్పపూలతో లడ్లు చేసి అమ్ముతున్నారు. డబ్బు వాళ్ళకే వస్తున్నది, పేరూ వాళ్ళదే. నేను తిన్నాను, బాగున్నాయి.

ఇక జవాబు. అమ్మాయీ, మిగతా సగం అల్లించుకో. సగం తలతో తిరిగితే ఎవరికీ మేలు లేదు. ఇది ఏమిటే అని ఎవరయినా అడిగితే ఆఫ్రికా మాట చెప్పు, రోజర్స్ కథ చెప్పు. వేషాల పోటీకి మాత్రం వేసుకోకు. బడి తెరిచాక ఎలాగూ రెండు జడలూ రిబ్బన్లూ తప్పవు! అన్నయ్యను బతిమాలి పులుసు వడ్డించు. "వేసుకోకూడదు" అనడానికి ముందు ఈ కథ చెప్పి ఉంటే బాగుండేదని నా మాటగా చెప్పు. నాన్నగారికి నమస్కారాలు, మిరపకాయ మాట బాగుంది గాని, మిరపకాయను ఎవరూ బడినుంచి వెళ్ళగొట్టలేదని మనవి.

సంక్రాంతి వెళ్ళగానే వార్షికోత్సవాలు మొదలవుతాయి. మీ బడిలో ‘కోయ డాన్సు’ ఉంటే, దాన్ని ఎవరు నేర్పుతున్నారో, వాళ్ళు ఎక్కడ చూసి నేర్చుకొన్నారో కనుక్కొని నాకు రాయండి. తల్లిదండ్రులు కూడా రాయవచ్చు. వచ్చే నెల ఆ ఉత్తరాలే చదువుకొందాం.

మీ తాతయ్య