అందరికీ అందే అడుగులు

ఈ సంచికంతా నడక గురించే. మామూలు నడకలో, మడమ నేలను తాకి మళ్లీ తాకేలోగా పాదం సుమారు 60 శాతం సేపు నేలమీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినవారిలో అడుగుకూ అడుగుకూ పట్టే సమయం నిలకడగా ఉండదు. కంటికి ఆనని ఆ తేడా చెప్పులో అమర్చిన సెన్సార్‌కు దొరుకుతుంది.

అయితే ఆ తేడాను అధ్యయనం చేయడానికి ఒక్క ఆసుపత్రికి ఎందరు రోగులు వస్తారు? 1999లో అమెరికాలో మొదలైన, వైద్య కొలతలను పరిశోధకులకు అందుబాటులో ఉంచే ఫిజియోనెట్‌ను చూడండి. అందులోని ఒక డేటాబేస్‌లో పార్కిన్సన్స్ రోగులు 15 మంది, ఇతర నరాల జబ్బులైన హంటింగ్టన్స్ ఉన్నవారు 20 మంది, ఏఎల్ఎస్ ఉన్నవారు 13 మంది, వారితో పోల్చడానికి ఆరోగ్యవంతులు 16 మంది నడిచిన కొలతలున్నాయి. చిన్న సంఖ్యలే. కానీ హంటింగ్టన్స్ అరుదైన జబ్బు. ఆ 20 మంది నడక ఏ ల్యాబ్ బీరువాలోనో ఉండిపోకుండా, వాళ్లను ఎన్నడూ చూడని పరిశోధకులకూ అందింది. మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

అయితే ఇలా పంచుకునేటప్పుడు రోగి పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. దూరం నుంచి నడకను బట్టే మనవాళ్లను పోల్చుకుంటాం కదా! అందుకే రోగి అనుమతి గురించి, అలాగే కొలతలు ఇతరులకూ పనికొచ్చేలా సెన్సార్ ఎక్కడ పెట్టారో, ఎలా కొలిచారో రాసి ఉంచడం గురించి మా రచయితలు గట్టిగా పట్టుబట్టారు. వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, ఇంజనీర్లు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా రాశారు. మీ దగ్గరా ఇలాంటి కొలతలుంటే, వాటినెలా పంచుకోవాలనుకుంటున్నారో మాకు రాయండి.