గోడలకు రంగు సరే, తరగతికి టీచరున్నారా?

అమ్మానాన్నల ఆరోగ్యం కావచ్చు, ఇంటి నుంచే పని చేసుకునే వెసులుబాటు కావచ్చు, సేద్యం మీద మక్కువ కావచ్చు. హైదరాబాద్, బెంగళూరు వదిలి సొంతూరికి మకాం మార్చాలనుకునే యువ దంపతులు ఇప్పుడు తరచూ కనిపిస్తున్నారు. ఇల్లు దొరుకుతుంది, ఇంటర్నెట్ వస్తుంది. లెక్క తెగనిది ఒక్కచోటే: పిల్లల్ని ఏ బడిలో వేయాలి?

ఊళ్లోని సర్కారు బడి మీద జనానికి నమ్మకం పెరగడమూ తరగడమూ అంకెల్లోనే ఉంది. దేశంలోని గ్రామాల్లో 6-14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడులకు వెళ్లేవారు 2018లో 65.6 శాతం. కొవిడ్ దెబ్బకు 2022 నాటికి అది 72.9 శాతానికి ఎగబాకింది. గ్రామీణ విద్యపై సర్వే చేసే ‘అసర్’ 2024 నివేదిక వచ్చేసరికి మళ్లీ 66.8కి దిగింది. ఆదాయాలు కోలుకోవడం, మూతపడ్డ ప్రైవేటు బడులు తెరుచుకోవడం వంటి కారణాలు ఉండనే ఉన్నాయి. అయినా గడప తొక్కిన తల్లిదండ్రుల్లో చాలామందిని ప్రభుత్వ బడి నిలుపుకోలేకపోయింది.

బడి చూడబోయినవారికి ముందుగా కనిపించేది భవనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలోనే 15,715 బడులను ఎంచుకున్నారు. తెలంగాణలో 2022లో ‘మన ఊరు-మన బడి’ మూడు విడతల్లో 26,065 బడులను బాగుచేయాలన్న లక్ష్యంతో మొదలైంది. పనులు పూర్తయిన చోట మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు వచ్చాయి. నీళ్లొచ్చే మరుగుదొడ్డి ఆడపిల్లలకు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. కాకపోతే అది ఉందా లేదా అన్నదానితో ఆగకూడదు. తాళం ఎవరి దగ్గరుంది, ఆయా రోజూ వస్తోందా, మధ్యాహ్నం తర్వాత కూడా కుళాయిలో నీళ్లు ఉంటున్నాయా అన్నది చూసుకోవాలి. అయితే గోడలు ఎంత బాగున్నా లోపల చదువు ఎలా సాగుతోందో చెప్పవు.

అసలు చిక్కు టీచర్ల లెక్కలో ఉంది. కేంద్రం వెల్లడించిన 2024-25 యూడైస్ (బడుల సమాచార వ్యవస్థ) వివరాల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వాటిలో అత్యధికం, 12,912, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఆ రాష్ట్రంలోని ఈ బడుల్లో చదివే పిల్లలు 1,97,113 మంది. భాగిస్తే బడికి సగటున పదిహేను మంది. ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక టీచరుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ కొలతతో చూస్తే ఈ బడులు చట్టం కోరినదానికంటే రెట్టింపు మెరుగు! కానీ అదే చట్టం 60 మంది వరకూ ఇద్దరు టీచర్లుండాలని కూడా అంటోంది. సగటు చూసి మురిసిపోతే మోసపోయేది ఇక్కడే. పదిహేను మందీ ఒక తరగతి పిల్లలు కారు, వేర్వేరు తరగతుల వాళ్లు, కొన్నిచోట్ల ఒకటి నుంచి ఐదు దాకా.

అలాంటి గదిలో ఓ గంట కూర్చుంటే సంగతి తెలిసిపోతుంది. బోర్డుకు ఒకవైపు అయిదో తరగతికి భాగహారం, రెండోవైపు ఒకటో తరగతికి అచ్చులు. మూడో తరగతి వాళ్లకు పాఠం చూసి రాయమన్న పని. ఈలోగా మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో ఎక్కించాలి, గుడ్లు వచ్చాయో లేదో చూసుకోవాలి, ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) నుంచి ఫోను వస్తే సమాధానం చెప్పాలి. టీచరు సెలవు పెడితే పక్క బడి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేయాలి, లేదంటే సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వచ్చి కూర్చోవాలి. కాబట్టి ‘టీచర్లు ఎంతమంది?’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. పోస్టులెన్ని, డిప్యుటేషన్ మీద బయటికి వెళ్లినవారెందరు, నిరుడు టీచరు సెలవు పెట్టిన రోజుల్లో బడి ఎలా నడిచింది అని కూడా అడగాలి.

అలాగని ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చున్నంత మాత్రాన చదువు చెడిపోతుందని తీర్మానించనక్కర్లేదు. అందుకు సాక్ష్యం మదనపల్లె దగ్గరే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులే నడిపింది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నేర్చుకునే వరుసను నిచ్చెన బొమ్మలా గోడకు పెట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ముందుకు నడిపించే పద్ధతి తయారుచేసింది. కర్ణాటకలో ‘నలి-కలి’కి, చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కార్యాచరణ బోధనకు స్ఫూర్తి ఇదే. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ టీచరుకు శిక్షణ ఉంది, చేతిలో సామగ్రి ఉంది. మామూలు బడిలో ఐదు తరగతుల పుస్తకాలు తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే టీచర్ని అడగాల్సింది ‘మీరొక్కరేనా?’ అని కాదు, ‘రెండు తరగతులు కలిసి కూర్చున్నప్పుడు ఎలా చెబుతున్నారు?’ అని.

ఫలితం చూడాలంటే పదో తరగతి మార్కుల దాకా పోనక్కర్లేదు. రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు దేశంలోని ప్రభుత్వ బడుల్లో 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతమే. మెరుగుపడిన తర్వాత కూడా చదవగలిగేది నలుగురిలో ఒక్కరికి కాస్త తక్కువే. హెచ్‌ఎం అనుమతి తీసుకుని, రెండో, మూడో తరగతుల పిల్లలతో వాళ్లు అదివరకు చూడని నాలుగు వాక్యాలు చదివించి చూడవచ్చు. సొంత పుస్తకంలోదైతే కంఠస్థం ఒప్పజెబుతారు. నోటుపుస్తకాలు తిరగేసి, ఎర్ర ఇంకుతో తారీఖు పడిందా, తప్పు దిద్దిన చోట పిల్లవాడు మళ్లీ రాశాడా చూస్తే టీచరు పనితీరు అర్థమవుతుంది. నగరంలో తెలుగు చదవడం నేర్వని పిల్లలకు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వచ్చే ద్విభాషా పుస్తకాలు కొంత ఆసరా. అయినా తొలి ఏడాది ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోవాల్సిందే.

తర్వాతి ప్రశ్న: ఈ బడి వచ్చే ఏడాది ఉంటుందా? ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 2024-25లో దేశంలో 7,993 ఉంటే, తెలంగాణలోనే 2,245. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ నాటి 117వ నంబరు జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు తరలాయి. 2025లో దాన్ని పక్కనబెట్టి, తరగతికో టీచరు లక్ష్యంగా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు తెచ్చారు. మూడేళ్లలో రెండుసార్లు బడి స్వరూపం మారింది. పిల్లల సంఖ్య ఏటా ఎలా మారుతోందో చూడకుండా బడి పక్కనే ఇల్లు తీసుకుంటే, రేపు పిల్లవాడు రోడ్డు దాటి పక్క ఊరికి నడవాల్సి రావచ్చు. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌వి 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. దాని సాయంతో బడి వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

ఎప్పుడు వెళ్తున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ అభ్యర్థులకే. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ బడుల్లోనే చదివి ఉండాలి. అంటే నాలుగో తరగతి మధ్యలో ఊరికి చేరిన పిల్లవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. టీసీ ఆలస్యమైతే మాత్రం కంగారు అక్కర్లేదు. ఆ కారణంతో చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టంలోని అయిదో సెక్షన్ ఒప్పుకోదు.

కొత్తగా వచ్చే కుటుంబం బడిని ఎంచుకోవడమే కాదు, దాన్ని మార్చగలదు కూడా. చిన్న బడిలో ఇద్దరు పిల్లలు చేరడం టీచరు పోస్టు నిలవడానికి పనికొస్తుంది. టీచర్ల సర్దుబాటులో (రేషనలైజేషన్) లెక్కకొచ్చేది పిల్లల సంఖ్యే. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలుండాలి. ఆ కుర్చీలో కూర్చుని అడిగేవారు లేకపోవడమే చాలా ఊళ్లలో కొరత.

ఇవన్నీ మే నెలలో, తాళం వేసిన గేటు ముందు తెలిసే విషయాలు కావు. జూన్ రెండో వారంలో బడులు తెరిచి, చేరికల హడావిడి సద్దుమణిగాక ఓ మామూలు పనిరోజున వెళ్లాలి. ప్రైవేటు బడి పసుపు రంగు బస్సెక్కే పిల్లల తల్లిదండ్రులతోనూ మాట్లాడాలి, ఎందుకు పంపుతున్నారో వాళ్లే చెబుతారు. ఇద్దరు టీచర్లుండి, రెండో తరగతి పిల్లలు చదవగలుగుతుంటే ఆ బడిలో నిశ్చింతగా చేర్చవచ్చు. ఒకే టీచరు, పదిమందిలోపు పిల్లలు అయితే మండలంలో తరగతికో టీచరున్న బడిని వెతికి, ఆ ఊళ్లోనే ఇల్లు చూసుకోవడం మేలు. విద్యాశాఖ చేయాల్సింది కూడా ఒకటుంది: ఏ తరగతికి ఏ టీచరు, ఎన్ని ఖాళీలు అన్నది ప్రతి బడి గుమ్మం పక్కన రాసిపెట్టాలి. గోడలకు రంగు వేయించిన ప్రభుత్వాలకు అది పెద్ద ఖర్చేమీ కాదు.