కూర్చునే చోటు కూడా సదఖాయే

మస్జిదె నబవీలో తొలినాళ్లలో మింబర్ లేదు. దైవప్రవక్త (స) ఒక ఖర్జూరపు మొద్దుకు ఆనుకుని ప్రసంగించేవారు. ఆ తర్వాత ఆయన అన్సార్ స్త్రీ ఒకరికి కబురు పంపారు. ఆమె వద్ద వడ్రంగం తెలిసిన సేవకుడు ఉండేవాడు. ప్రజలతో మాట్లాడేటప్పుడు కూర్చోవడానికి కొన్ని చెక్కలు అమర్చి ఇప్పించమని కోరగా, మదీనా సమీపంలోని గాబా అడవి కలపతో అతడు దానిని సిద్ధం చేశాడు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనాన్ని మనం మింబర్ చరిత్రగా చదివి ముందుకు సాగిపోతాము. కాని అందులో మరో పాఠం కూడా ఉంది. సమాజానికి అవసరమైన ఒక ఆసనం దగ్గరలో దొరికిన కలపతో, ఒక శ్రామికుని చేతిమీదుగా, ఒక స్త్రీ సహకారంతో తయారయింది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూద్దాము. నంద్యాలలోగాని, ఆళ్లగడ్డలోగాని పాత ఇళ్లకు వీధివైపు అరుగు ఉండేది. అసర్ నమాజు తర్వాత పెద్దలు అక్కడే కూర్చునేవారు. మార్కెట్ నుంచి సంచి మోసుకొచ్చే తల్లి అక్కడ ఒక్క నిమిషం ఆగి ఊపిరి పీల్చుకునేది. ఇళ్లు మారాయి, వీధులు ఇరుకయ్యాయి, అరుగులు పోయాయి. మోకాళ్ల నొప్పులున్న వృద్ధుడు మస్జిద్ మెట్ల మీదే కూర్చోవాలి. వృద్ధ స్త్రీకైతే ఆ చోటు కూడా లేదు. బేతంచెర్ల బండలు మనకు చేరువలోనే దొరుకుతాయి, నిజమే. కాని నీడలేని చోట వేసిన రాతి బల్ల మీద వేసవి మధ్యాహ్నం ఎవరు కూర్చోగలరు?

మరోవైపు ప్రతి ఇంట్లో పాత తలుపుల చెక్కలు, నూనె డబ్బాలు, నీళ్ల క్యాన్లు మూలన పడి ఉంటాయి. కొందరు ప్లాస్టిక్‌ను వీధిలోనే తగలబెడతారు. ఆ పొగ ఇరుగుపొరుగువారి ఊపిరిలోకి పోతుంది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (స) బోధించారు. అటువంటప్పుడు దారిలో పొగ నింపడం ఏ శాఖ అవుతుందో మనమే ఆలోచించుకోవాలి.

ఈ రెండు కొరతలకు కలిపి ఒక మార్గం ఉంది. పాత చెక్కతోను, తిరిగి వాడిన ప్లాస్టిక్‌తోను బెంచీ తయారుచేసి, దాని రెండు చివరల ఆకుకూర పెరిగే నీటి తొట్లు అమర్చవచ్చు. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలోనే మొక్కను పెంచే ఈ పద్ధతిని హైడ్రోపోనిక్స్ అంటారు. ఇందులో మోటారు, కరెంటు అవసరం లేని సులభ విధానాన్ని హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చారు. మూత ఉన్న తొట్టిలో నీరు నింపి, మూతకు రంధ్రం చేసి, కొబ్బరి పీచులో నాటిన మొక్కను అందులో నిలుపుతారు. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. పైన ఏర్పడిన ఖాళీలో వేళ్లు గాలి పీల్చుకుంటాయి. కనుక నీరు తగ్గినప్పుడు అంచు దాకా నింపరాదు. వేళ్లలో కొంత భాగం ఎప్పుడూ గాలిలోనే ఉండాలి.

బెంచీ కట్టేటప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కూర్చునే ఎత్తు అడుగున్నర ఉండాలి. రెండు వైపులా చేతులకు ఊతం ఉంటే వృద్ధులు సులభంగా లేవగలరు. చెక్క కాళ్లను మట్టిలో పాతితే చెదలు పడతాయి. రాతి పనికి పేరుపొందిన ఆళ్లగడ్డలో ముక్కరాళ్లకు కొదవ లేదు. ఒక్కో కాలి కింద ఒక్కో రాయి వేస్తే చాలు. కార్ఖానాలో తయారైన ప్లాస్టిక్ పలక దొరికితే కూర్చునే భాగానికి వాడవచ్చు. అది బరువుకు క్రమంగా వంగుతుంది కాబట్టి అడుగుకొక అడ్డకర్ర వేయాలి. ఎండకు సాగుతుంది కాబట్టి మర బిగించే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేయాలి. ఇంట్లో ప్లాస్టిక్ కరిగించి పలకలు పోయడానికి మాత్రం ఎవరూ పూనుకోరాదు. ఆ పొగ ప్రమాదకరం.

తొట్టిలోకి వెలుతురు పోతే పాచి పడుతుంది. అందువల్ల డబ్బాకు ముందు నల్లరంగు, దానిపై ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేయాలి. ఇరవై లీటర్ల నీరంటే ఇరవై కిలోల బరువు. దానిని వెనుక ఎత్తులో వేలాడదీయక, పక్కల నేలకు దగ్గరగా ఉంచితే బెంచీ ఒరగదు. దోమలు చొరబడకుండా ప్రతి సందును సన్నని వలగుడ్డతో మూయాలి. డెంగీ దోమ పెరిగేది ఇటువంటి నిలవ నీటిలోనే.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. మనది వరి, పత్తి పండే ప్రాంతం. పురుగుమందుల డబ్బాలు చేలనుంచి ఇళ్లకు చేరుతుంటాయి. వాటిని ఎన్నిసార్లు కడిగినా తినే ఆకు పెంచడానికి పనికిరావు. ఆహార పదార్థాలు నిలవచేసిన డబ్బాలనే, అడుగున 2 లేదా 5 అంకె ఉన్నవాటినే ఎంచుకోవాలి.

మన వేసవి సంగతి కూడా మరువరాదు. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి వేళ్లు కుళ్లుతాయి. కనుక పాలకూర, కొత్తిమీర వంటివాటిని అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసుకోవడం మేలు. పుదీనా రెమ్మ మామూలు నీటిలోనే వేరు తొడుగుతుంది కాబట్టి దానితో మొదలుపెట్టవచ్చు. బోరునీటిలో సున్నం ఎక్కువైతే వాననీరు వాడాలి. యూరియా ఒక్కటే కలిపితే చాలదు. సున్నం, మెగ్నీషియం, ఇనుము వంటివి కూడా ఉన్న మిశ్రమం కావాలి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన సాగుతోంది. అక్కడి పరిశోధనా స్థానాన్నో, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాన్నో సలహా అడగడం మంచిది.

ఇక ధర్మపరమైన విషయాలు. వుజూ చేసిన నీటిని ఇందులో పోయవచ్చా? హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ నీరు పరిశుద్ధమైనదే. దానితో మళ్లీ వుజూ చేయడం మాత్రం చెల్లదు. అయితే పుక్కిలించిన నీరు, సబ్బు కలిసిన నీరు పచ్చిగా తినే ఆకులకు తగదు. దానిని ఆవరణలోని వేపచెట్టుకు మళ్లించడం మేలు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు అటూ ఇటుగా ఉండే నీటితో, వుజూ ముగించేవారు. మనం కుళాయి తిప్పి వదిలేస్తూ, పారిన నీటిని మొక్కకు పోశామని తృప్తి పడితే సరిపోదు.

మస్జిద్ పాత తలుపులు, దూలాలు వక్ఫ్ సొత్తు. వాటిని మస్జిద్ మరమ్మతుకే వాడాలి, లేదా అమ్మి ఆ సొమ్మును మస్జిద్‌కే ఖర్చు చేయాలి. మంచి పనికే కదా అని కమిటీకి చెప్పకుండా తీసుకోవడం అమానత్‌లో ద్రోహమవుతుంది. మస్జిద్ సొమ్ముతో పెంచిన ఆకుకూర కూడా మస్జిద్‌దే. సొంత ఖర్చుతో చేసినవారు, కోసుకునే హక్కు అందరికీ ఉందని ముందే ప్రకటించాలి. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతనికి సదఖాగా నమోదవుతుందన్న శుభవార్త మనకు తెలిసినదే. అందువల్ల మేక కొరికిందని కోపగించుకోనక్కర లేదు.

బెంచీ పెట్టే చోటు కూడా ముఖ్యమే. బాటను ఇరుకుచేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ప్రభుత్వ స్థలమైతే అనుమతి తీసుకోవాలి. దారిపక్కన కూర్చునేవారు చూపు దించుకోవాలి, సలాముకు బదులివ్వాలి, ఎవరినీ బాధించరాదు. ఈ హక్కులు పాటించని చోట బెంచీ పరనిందకు వేదిక అవుతుంది. వీలైతే స్త్రీలకు విడిగా మరొకటి ఏర్పాటు చేయాలి.

ప్రారంభోత్సవం నాడు ఫొటోలు దిగేవారికి కొరత ఉండదు. పదిహేను రోజుల తర్వాత నీటిమట్టం చూసేవారు, ఊడిన మర బిగించేవారు కావాలి. కొంచెమే అయినా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రీతికరమని ప్రవక్త (స) తెలిపారు. కాబట్టి కట్టకముందే వారానికొక ఇంటికి బాధ్యత పంచుకోవాలి. మద్రసాలో బోధించే మేము ఈ పనిని పిల్లలకు అప్పగించడం మేలని భావిస్తున్నాము. హదీసు కంఠస్థం చేసిన బాలుడు మొక్కకు నీరు కూడా చూసుకుంటే, ఆ పాఠం అతని చేతికి కూడా వస్తుంది. బాధ్యత తీసుకునేవారు దొరకనప్పుడు తొట్లు మాని, ఉత్త బెంచీ వేయండి. ఎండిన మొక్కలు, దోమల నీరు ఉన్న ఆసనంకన్నా గట్టిగా నిలిచే సాదా చెక్కబల్ల మేలు.

అలసినవారికి ఒక చోటు కల్పించే భాగ్యాన్ని, దానిని కాపాడే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.