గడువు తీరిన కార్మిక కార్డు

రంజాన్‌కు ముందు, దసరాకు ముందు పాత ఇళ్లకు రంగులు వేయించుకోవడం వరంగల్‌లో ఆనవాయితీ. ఆ నెలల్లో మండీబజార్, కరీమాబాద్, శివనగర్ వాడల నుంచి పెయింటర్లు, టైల్స్ మేస్త్రీలు, ప్లంబర్లు, వెల్డర్లు తెల్లవారుతూనే బయలుదేరతారు. కూలిన ప్రహరీని నిలబెట్టేది, కారే స్లాబుకు మరమ్మతు చేసేది వీరే. వీరిలో మన బిడ్డలు ఎందరో ఉన్నారు. పట్టణ ముస్లింలలో అధికులు ఇటువంటి అసంఘటిత పనుల మీదనే బతుకుతున్నారని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది.

మరమ్మతు పనివాడు భవన నిర్మాణ కార్మికుడు కాడన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. అది పొరపాటు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కొత్త కట్టడాలతోపాటు మార్పులు, మరమ్మతులు, నిర్వహణ, కూల్చివేతలను కూడా నిర్మాణ పనిగానే గుర్తించింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు ఈ పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. రుసుము కూడా స్వల్పమే. తెలంగాణలో నమోదుకు 50 రూపాయలు, ఐదేళ్ల చందా 60 రూపాయలు.

అసలు చిక్కు ఆ ఐదేళ్లు గడిచాక వస్తుంది. మాకు తెలిసిన ఒక పెయింటర్ తన కూతురి నికా కుదిరాక, మండలి ఇచ్చే 30 వేల వివాహ కానుక కోసం ఇనప్పెట్టెలోని కార్డు బయటకు తీశాడు. గడువు తీరి అప్పటికే ఏడాదిన్నర దాటింది. రెన్యూవల్‌కు వెళితే మరో చిక్కు ఎదురైంది. ఆధార్‌లో 'మొహమ్మద్', కార్డులో 'ఎండీ', బ్యాంకు పుస్తకంలో 'మహ్మద్'. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. మన పేర్లను గుమాస్తాలు తమకు తోచినట్లు రాస్తారు, శిక్ష మాత్రం మనకు పడుతుంది. ఆ పిల్ల పెళ్లి చివరికి అప్పుతోనే జరిగింది.

ఈ నష్టాన్ని కార్మికుడి అజాగ్రత్త ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఏడాదికి పైగా చందా చెల్లించకపోతే హోదా పోతుందని 1996 చట్టంలోని 17వ సెక్షన్ అంటుంది. అయితే సహేతుక కారణం ఉండి, బకాయి కట్టడానికి కార్మికుడు సిద్ధపడితే నమోదును పునరుద్ధరించే అధికారం మండలి కార్యదర్శికి ఉందని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మొదటి వాక్యం అందరికీ వినిపిస్తుంది. రెండో వాక్యాన్ని కార్మికుడికి చెప్పేవారేరీ?

ఇప్పుడు మరో ముప్పు వచ్చిపడింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, పాత చట్టం వాటిలో కలిసిపోయింది. సొంత నివాసానికి చేయించుకునే పనుల్లో మునుపు పది లక్షల రూపాయల లోపువే చట్టం వెలుపల ఉండేవి. సామాజిక భద్రతా కోడ్ ఆ హద్దును యాభై లక్షలకు పెంచింది. పదిమంది కన్నా తక్కువ కార్మికులతో సాగే పనిని సైతం నిర్వచనం నుంచి తప్పించింది. ఇద్దరు ముగ్గురితో ఒక వంటగదినో స్నానాల గదినో బాగుచేసే మేస్త్రీ ఇక తన తొంభై రోజులు ఎక్కడ చూపాలి? పెద్ద అపార్టుమెంట్ల కార్మికుడికి మిగిలిన రక్షణ ఇళ్ల మరమ్మతు పనివాడికి జారిపోయే ప్రమాదం ఉంది. నిర్మాణ కార్మికుల చట్టాలను సక్రమంగా అమలు చేయాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో గట్టిగా ఆదేశించింది. ఆ తీర్పు స్ఫూర్తి ఇదేనా?

రాష్ట్ర ప్రభుత్వాన్ని మేము కోరేది మూడు మాటలు. గడువు తీరడానికి మూడు నెలల ముందే కార్మికుడి ఫోనుకు తెలుగులోనూ ఉర్దూలోనూ కబురు పంపాలి. ఆధార్ సంఖ్య సరిపోయినప్పుడు పేరులోని అక్షర భేదాన్ని సాకుగా చూపి దరఖాస్తును తిప్పి పంపరాదు. బకాయి కట్టి పునరుద్ధరించుకునే వెసులుబాటును కొత్త నియమాల్లోనూ స్పష్టంగా నిలపాలి, ఇళ్ల మరమ్మతు కార్మికులను జాబితా నుంచి జారనివ్వరాదు.

మన వంతు పని కూడా ఉంది. జుమా నమాజు ముగిశాక మసీదు ఆవరణలో ఒక బల్ల వేసి, చదువుకున్న ఇద్దరు యువకులు కూర్చుంటే చాలు. వచ్చినవారి కార్డు మీది తేదీ చూడడం, ఆధార్‌తో పేరు సరిపోల్చడం, గడువు దగ్గరపడినవారిని మీసేవకు తోడుగా తీసుకెళ్లడం, అంతే. కార్మికులు మన మసీదుకు వచ్చేవారే కానక్కరలేదు. పక్క వాడ నుంచి వచ్చే సెంట్రింగ్ కూలీకీ ఆ బల్ల దగ్గర చోటుండాలి. ఈ శుక్రవారం ఇంటికి వెళ్లగానే ముందు మీ ఇంట్లోని కార్డు తీసి, దాని మీది తేదీ చూడండి.