పసుపు పార్టీకి నీలం రంగా?

మనవాళ్ళ ఎన్నికల విశ్లేషణలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. 2024 ఆంధ్ర ఫలితాల మీద ఒక పెద్దమనిషి పంపిన చార్టులో తెలుగుదేశం 135 సీట్లు నీలం రంగులో, వైకాపా 11 నారింజ రంగులో! పైపైన చూసినవాడు జగన్ మళ్ళీ గెలిచాడనుకుంటాడు.

ఇది కుట్ర కాదు, బద్ధకం. ఎక్సెల్ 2013 నుంచీ మొదటి సిరీస్‌కి నీలం, రెండోదానికి నారింజ తనంతట తానే వేస్తుంది. దానికి పార్టీ తెలీదు, వరస తెలుసు. బార్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఫార్మాట్ డేటా సిరీస్'లో ఫిల్ మార్చడానికి అర నిమిషం పట్టదు.

"రంగు కోసం ఇంత గొడవా?" అంటారా! పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్తే, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి మరీ ఓడిపోయింది. ఇక్కడ అమెరికాలో కూడా రిపబ్లికన్లకి ఎరుపు అన్నది 2000 ఎన్నికలతోనే స్థిరపడింది. 1980లో ఎన్‌బీసీ, రీగన్ గెలిచిన రాష్ట్రాలకి నీలమే వేసింది. (టెక్సాస్‌ని ఎర్రగా చూసి, అక్కడ కమ్యూనిస్టులు గెలిచారా అని మా నాన్నగారు అడిగారు!)

బద్ధకస్తుల కంటే రంగులు మార్చడం తెలిసినవాళ్ళతోనే ప్రమాదం. తమ పార్టీకి మెరిసే రంగు, అవతలివాడికి వెలిసిన బూడిద. వైకాపాకి సీట్లు 11 అయినా ఓట్లు 39 శాతం దాటాయి. ఆ బార్‌ని కనపడకుండా చేసి "తుడిచిపెట్టుకుపోయింది" అని రాస్తే అది విశ్లేషణా, పోస్టరా?

ఈసారి పంపేవాళ్ళు ఎవరి రంగు వాళ్ళకి వెయ్యండి, బార్ మీద పార్టీ పేరూ రాయండి. అంత ఓపిక లేకపోతే ఉత్త అంకెలు పంపండి, మేమే చదువుకుంటాం.