యాడికి పోతాది కోట?

మా బావమరిది ఇటలీలో పెరూజియా అనే ఊరు చూసి వచ్చాడు. వచ్చిన రెండు రోజులూ మా ఇంట్లో అదే పురాణం. కొండమీద ఊరట, చుట్టూ రాతి ప్రాకారాలట, 1278లో కట్టి ముగించిన నీటి ఫౌంటెన్ చుట్టూ నేటికీ జనం చేరతారట. 1308లో పెట్టిన విశ్వవిద్యాలయంలో ఇంకా పాఠాలు చెబుతున్నారట. కొండ దిగితే ఆలివ్ తోటలట. అంతా చెప్పి, "మీ చంద్రగిరి ఎట్లా ఉంటుంది బావా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా చిత్తూరుకూ తిరుపతికీ మధ్య తిరుగుతున్నాను. బస్సు కిటికీలోంచి ఆ కొండను చూడటమే గాని, దిగి చూసిన పాపాన పోలేదు. చిన్నప్పుడు అడిగితే మా నాయన, "యాడికి పోతాదిరా కోట? ఇంకోసారి చూస్తాంలే" అనేవారు. పెద్దయ్యాక నా పిల్లలకు నేనూ అదే పాఠం అప్పజెప్పాను.

మర్నాడే అందరం బయల్దేరాం. నాయన కూడా వస్తానన్నారు.

తిరుమలేశునికి ఎన్నో కైంకర్యాలు చేసిన సాళువ నరసింహరాయలు ఈ చంద్రగిరిని ఏలినవాడే. 1485లో ఇక్కడి నుంచే వెళ్లి విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తరువాత రాజధాని పెనుగొండకూ, ఆ పిమ్మట వేంకటపతిరాయల కాలంలో ఈ చంద్రగిరికీ చేరింది. 1639లో ఇంగ్లీషువారికి చెన్నపట్నం స్థలం ఇచ్చిన దామెర్ల నాయకులు కూడా ఈ రాయలకు లోబడినవారే. మద్రాసు పుట్టుకలో మన ఊరికి ఇంత పాలున్నదని చెబితే, మా అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది!

రాజమహలు మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నమే గాని కట్టడంలో కలప వాడలేదు. చెదలకు అక్కడ పనేముంది? పక్కనే రాణీమహలు. వెనుక బోడికొండ, దాని మీద కోటగోడ. పెరూజియాలో పాత ఇళ్లలోనే జనం కాపురం ఉంటున్నారు. ఇక్కడ మహళ్లు ఖాళీ. అయితేనేం, వెలుపల ఊరు ఊరుగానే ఉంది. ఆపైన వేరుసెనగ చేలు, మామిడి తోపులు.

రాజమహలులోని మ్యూజియం చూద్దామని లేచేసరికి, మెట్ల దగ్గర నాయన ఆగిపోయారు. మోకాళ్లు పట్టుకొని అక్కడే నీడలో కూర్చున్నారు.

"మీరు పోయి రాండి. కోట యాడికీ పోలేదురా. నేనే ఆలస్యంగా వచ్చినా" అన్నారు నవ్వుతూ.

మా బావమరిది మారుమాట లేకుండా ఆయన పక్కనే కూర్చున్నాడు. నేను పైకి వెళ్లి, ప్రతి విగ్రహాన్నీ శ్రద్ధగా చూసి, దిగివచ్చి గంటసేపు ఆయనకు వర్ణించాను. క్లాసులో కూడా నేనంత బాగా పాఠం చెప్పి ఉండను.

వచ్చే ఆదివారం శ్రీనివాస మంగాపురం. మీ ఊరి దగ్గర కూడా ఏ కోటో, కోనేరో ఉండే ఉంటుంది. మోకాళ్లు సహకరిస్తుండగానే పెద్దవాళ్లను తీసుకువెళ్లండి.