మూసిన తలుపులు

పశ్చిమసీమ చలనచిత్రములలో గుఱ్ఱపు పరుగులును తుపాకి మ్రోతలును దప్ప వేఱేమున్నదని కొందఱు పండితులు పెదవి విఱతురు. ఆ మ్రోతలకొఱకే చూచుచున్నామని అభిమానులు బదులు చెప్పుదురు. పండితుల నిందలో నిజము లేకపోలేదు. 1939 నాటి ‘స్టేజ్ కోచ్’లో బండిని వెంబడించు అపాచీలు గుండ్లకు గుఱియగుటకే పుట్టినట్లుందురు. కాని నాకు ప్రియమైన చిత్రమున మొదటి గుండు ప్రేలుటకు ముందే ఘోరమంతయు జరిగిపోవును.

అది 1952లో ఫ్రెడ్ జిన్నమన్ దర్శకత్వమున వెలువడిన ‘హై నూన్’. హాడ్లీవిల్ మార్షల్ విల్ కేన్ వివాహమాడి కొలువు చాలించిన యుదయముననే, అతడు చెఱకు బంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలయై మధ్యాహ్నపు రైలులో వచ్చుచున్నాడని తెలియును. కేన్ సహాయమునకై వీధివీధి తిరుగును. న్యాయాధిపతి గోడమీది జాతీయ పతాకమును మడచి, త్రాసును మూటగట్టి, ఏథెన్సు చరిత్ర నొకింత బోధించి గుఱ్ఱమెక్కును. ఒక మిత్రుడు లోపల దాగి, ఇంట లేనని భార్యచేత చెప్పించును. ఆ యిల్లాలి మొగము నెవడు మఱచును? ప్రార్థనామందిరమున మాత్రము చర్చ బహుచక్కగా సాగును. హెండర్సన్ అను పెద్దమనుష్యుడు కేనును నోరార పొగడి, ఊరికి రానున్న పెట్టుబడులు చెడకుండ నీవు వెడలిపొమ్మనును. మన సభలకు బోవువారికి ఈ ఘట్టమున వింత యేమియు దోపదు.

రచయిత కార్ల్ ఫోర్మన్ ఈ తలుపులను కేవలము ఊహించి వ్రాయలేదు. కమ్యూనిస్టుల నాచూకి తీయుచుండిన అమెరికా ప్రతినిధి సభా సంఘము 1951లో ఆయనను బిలిపించెను. తోడివారి పేరులు చెప్పనందున హాలీవుడ్‌లో పని దొరకక ఇంగ్లండునకు బోయెను.

దర్శకుడు హోవార్డ్ హాక్స్‌కు ఈ చిత్రము రుచింపలేదు. వృత్తి నెఱిగినవాడు ఊరివారిని బతిమాలడని ఆయన వాదము. జాన్ వేన్ నాయకుడుగా 1959లో ‘రియో బ్రావో’ను జవాబుగా దీసెను. మంచి చిత్రమే, కాదనను. వాదము మాత్రము నిలువదు. శాంతిరక్షణ జీతగాని పని మాత్రమే యైనచో ఊరివారు పౌరులు కారు, సత్రమున దిగిన బాటసారులు. పైగా హాక్స్ నాయకుడు సాయము వలదనుచునే, ఒక త్రాగుబోతు, ఒక కుంటి ముసలివాడు, ఒక పడుచువాడు అడ్డుపడుటచేతనే బ్రతికెను. కేన్ కడకును ఒంటికంటి త్రాగుబోతొకడు, పదునాలుగేండ్ల బాలుడొకడు తామై వచ్చిరి. వారి ప్రాణములకు వెఱచి యతడు పంపివేసెను. తుదకు తోడునిలిచినది హింస యన్న గిట్టని నవవధువు. బతిమాలుట పిఱికితనమని హాక్స్ యెట్లనెనో నాకు బోధపడదు.

వేన్ కథ మఱియు విచిత్రము. 1953 ఆస్కారు సభకు గేరీ కూపర్ రాకపోగా, ఈ చిత్రమునకు వచ్చిన ఉత్తమ నటుని బహుమానమును అతని తరఫున అందుకొన్నవాడు వేనే. 1971లో ఒక పత్రికవారితో ఇదే చిత్రమును అమెరికాకు తగనిదని దూషించి, కడపట కూపర్ మార్షలు బిళ్ళను కాలితో త్రొక్కెనని చెప్పెను. నేను మఱల చూచితిని. పోరు ముగియగానే దాగినవారందఱు వీధిలోనికి వచ్చి మూగుదురు. కేన్ వారిని చూచును, పలుకడు. తగరపు నక్షత్రమును ఱొమ్మునుండి తీసి దుమ్ములో బడవైచి, భార్యతో బండి యెక్కును. త్రొక్కడు.